శివారు పొలానికి నీళ్లు, శివారు ఇంటికి నెట్

(మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్)



మన డెల్టాలో పుట్టినవాడికి శివారు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. ఎగువన నాట్లు కూడా మొదలవుతాయి. బందరు పక్క పల్లెల్లో, దివిసీమ కొసన ఉన్న రైతు మాత్రం నారుమడి ఎండిపోకుండా ఆయిల్ ఇంజను పెట్టుకుని కాలువ వైపు చూస్తూ ఉంటాడు. నీటితీరువా ఎగువవాడికీ శివారువాడికీ ఒకటే. చేరే నీళ్లే ఒకటి కాదు. టెలిఫోన్ తీగ మీద ఇళ్లకు వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ కూడా సరిగ్గా ఇలాగే పనిచేసింది. ఆ సంగతి అర్థమైతే మన హాస్టల్‌కు ఇప్పుడు ఏం కావాలో కూడా తేలిగ్గా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

పూర్వ విద్యార్థులం నలుగురం కలిసిన ప్రతిసారీ ఒక వాదన వస్తోంది. రీడింగ్ రూముకు ఇంటర్నెట్ లైను పెట్టిద్దామని కొందరంటారు. “ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మళ్లీ తీగ ఎందుకు? ఆ డబ్బుతో ఫ్యాన్లు కొందాం” అని ఇంకొందరంటారు. ఫ్యాన్లు అక్కర్లేదని నేను అనను. కానీ తీగ అక్కర్లేదన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ముందు పాత రాగి తీగ దగ్గర మొదలుపెట్టాలి.

ఒకే తీగ మీద మాట, నెట్

టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి వచ్చేది ఒక జత రాగి తీగలు. మనిషి మాట కోసం ఆ తీగ వాడుకునేది చాలా తక్కువ. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా చాలు, మాట స్పష్టంగా వినిపిస్తుంది. అంతకు పైనున్న తరంగాలకు ఆ తీగ మీద పనే లేదు. వెనకటి డయలప్ ఇంటర్నెట్ మాట నడిచే ఈ ఇరుకు దారిలోనే నడిచేది. అందుకే నెట్ పెడితే ఫోను ఎంగేజ్, ఎంత సేపు వాడితే అంత కాల్ బిల్లు, వేగం మహా అయితే సెకనుకు 56 కిలోబిట్లు.

ఖాళీగా పడి ఉన్న పై దారిని వాడుకోవడమే ఏడీఎస్ఎల్ అనే పద్ధతి. సుమారు 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1100 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌లో అది 2200 దాకా పెరిగింది. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా మాటను ఫోనుకు, మిగతాదాన్ని మోడెమ్‌కు పంపుతుంది. అవతల ఎక్స్ఛేంజిలో డీశ్లామ్ అనే యంత్రం వందల ఇళ్ల తీగల నుంచి నెట్‌ను విడదీసి పెద్ద లైనుకు కలుపుతుంది. అమ్మ ఫోన్లో మాట్లాడుతుండగా కొడుకు కంప్యూటర్లో నెట్ చూడగలిగాడంటే కారణం ఇదే.

లోపల జరిగే పని ఇంకా బాగుంటుంది. ఏడీఎస్ఎల్ ఆ వెడల్పు దారినంతా ఒకే కాలువగా వాడదు. ఒక్కొక్కటి సుమారు 4.3 కిలోహెర్ట్జ్ వెడల్పున్న 256 చిన్న బోదెలుగా విడగొడుతుంది. మోడెమ్ ఆన్ చేయగానే ఒక్కో బోదె ఎంత బాగుందో చూసుకుంటుంది. శుభ్రంగా ఉన్న బోదెలో ఎక్కువ బిట్లు, గుర్రపుడెక్క పట్టినట్టున్న బోదెలో తక్కువ బిట్లు పంపుతుంది. పూర్తిగా పూడిపోయినదాన్ని వదిలేస్తుంది. మోడెమ్ మీద డీఎస్ఎల్ లైటు కాసేపు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగేది. ఆ కాసేపట్లో జరిగేది ఈ లెక్కే.

మన దేశంలో 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఈ సేవ మొదలుపెట్టింది. 2007 నుంచి 2 మెగాబిట్ల వరకు వేగం ఇస్తామంది. అర్ధరాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్కలోకి రాని ప్లాన్లు ఉండేవి. పాత బ్యాచ్ అన్నలకు ఇది గుర్తుండే ఉంటుంది. అలారం పెట్టుకుని లేచి సినిమాలు దించుకున్నవాళ్లూ ఉన్నారు, పోటీ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు దించుకున్నవాళ్లూ ఉన్నారు.

దూరం పెరిగితే వేగం తగ్గుతుంది

తిరునాళ్లలో మైకు పెడితే పక్క ఊరికి ఏం వినిపిస్తుంది? డోలు దెబ్బ వినిపిస్తుంది, సన్నాయి వినిపించదు. తీగలోనూ అంతే. తక్కువ పౌనఃపున్యం చాలా దూరం పోతుంది, ఎక్కువ పౌనఃపున్యం త్వరగా నీరసిస్తుంది. మాట నడిచేది కింది దారిలో కాబట్టి అయిదారు కిలోమీటర్ల అవతల కూడా ఫోను చక్కగా పనిచేస్తుంది. నెట్ నడిచేది పై దారిలో. తీగ పొడవు పెరిగేకొద్దీ పై బోదెలు ఒకటొకటిగా పూడిపోతాయి.

ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌కు పుస్తకంలో రాసే వేగం 24 మెగాబిట్లు. తీగ మంచిదై, ఎక్స్ఛేంజికి కిలోమీటరు లోపు ఉంటే దాని దగ్గరదాకా రావచ్చు. 3 కిలోమీటర్ల దగ్గర సుమారు 8కి పడిపోతుంది. 5 కిలోమీటర్లు దాటితే ఒకటో రెండో మెగాబిట్లు దక్కడమే గొప్ప. పైగా ఈ దూరం కాకి ఎగిరే దూరం కాదు. తీగ పిల్లర్ బాక్సుకు వెళ్లి, అక్కణ్ణుంచి డీపీ బాక్సుకు వెళ్లి, వీధులన్నీ తిరిగి ఇంటికి చేరే దూరం.

ఇప్పుడు మన ప్రాంతాన్ని తలుచుకోండి. గుడివాడలోనో బందరులోనో ఎక్స్ఛేంజి పక్క వీధిలో ఉన్నవాడికి ఈ బాధ లేదు. బందరులో గిలకలదిండి వైపు కొసన ఉన్న ఇంటికి, దివిసీమలో కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్లే దారిలో ఉన్న ఊరికి తీగ ఎంత సాగాలో ఊహించండి. మన నేల కూడా రాగి తీగకు అచ్చిరాని నేల. రెండు అడుగులు తవ్వితే నీరు వచ్చే చోట్లున్నాయి. తీర గ్రామాల్లో గాలిలోనే ఉప్పు. కేబుల్ లోపలికి నీరు పోకుండా జెల్లీ నింపుతారు, నిజమే. కానీ ఊడిపోయేది కేబుల్ మధ్యలో కాదు, జాయింట్ల దగ్గర. అక్కడ తేమ చేరి రాగికి చిలుము పడుతుంది. ఫోన్లో గరగరమంటూనే మాట నడుస్తుంది, నెట్ మాత్రం అయిదు నిమిషాలకోసారి తెగుతుంది. “ఫోను బాగానే ఉందిగా, మీ కంప్యూటర్లోనే తేడా ఉంది” అన్న సమాధానం చాలామంది విన్నదే. ఫోను బాగున్నంత మాత్రాన నెట్ బాగుండాలని లేదు. డోలు వినిపించింది కాబట్టి సన్నాయి కూడా వినిపించే తీరాలని వాదించడం లాంటిది అది.

మన పేటలకు దీనితో పాటు ఇంకో సంగతి ఉంది. ఎక్స్ఛేంజి మండల కేంద్రంలో ఉంటుంది. అక్కణ్ణుంచి కేబుల్ మెయిన్ రోడ్డు వెంట వచ్చి ఊరి నడిబొడ్డున డీపీ బాక్సులో ఆగుతుంది. ఆ బాక్సులో ఉండేది లెక్కపెట్టినన్ని జతలు. రైస్ మిల్లు, పెద్ద ఇళ్లు, మందుల షాపు తీసుకునేసరికి జతలు అయిపోతాయి. మన పేట ఊరి చివర ఉంటుంది. మా ఊళ్లో తీగ ఊరి మధ్యదాకా వచ్చింది, మా పేటదాకా రాలేదు. ఎక్స్ఛేంజిలో వేగం ఉంది, ఊళ్లో తీగ ఉంది, మన ఇంట్లో మాత్రం లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు.

దించుకోవడానికే వేసిన దారి

ఏడీఎస్ఎల్ పేరులో మొదటి అక్షరానికి అర్థం ‘సమానం కాని’ అని. మన ఇంటికి వచ్చే దారి వెడల్పు, మన ఇంటి నుంచి వెళ్లే దారి ఇరుకు. 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న కొద్ది భాగమే పైకి పంపడానికి. మిగతాదంతా కిందికి దించుకోవడానికి. కింద 24 మెగాబిట్లు అన్నచోట పైకి మామూలుగా ఒకటికి అటూఇటూ. ఇళ్లలో జనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ అని ఇంజినీర్లు అనుకున్నారు. ఆ రోజుల్లో అది తప్పేమీ కాదు.

కానీ మనలాంటివాళ్ల అవసరం ఎక్కడుంది? పదో తరగతి అయిన తమ్ముడు పాలిటెక్నిక్‌కో, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకో దరఖాస్తు పెట్టాలి. ఫొటో, సంతకం, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ స్కాన్ చేసి పంపాలి. స్కాలర్‌షిప్‌కు మళ్లీ అవే. మన బతుకు మారేది మనం దించుకున్నదానితో కాదు, గడువులోగా పైకి పంపగలిగినదానితో. ఆఖరి రోజు సాయంత్రం నెట్ సెంటర్లో క్యూలో నిలబడి, ‘అప్‌లోడ్ ఫెయిల్డ్’ అన్న అక్షరాలు చూసి బయటికొచ్చిన కుర్రాళ్లు ఎందరో నాకు తెలుసు. వాళ్ల మార్కులు తక్కువేం కాదు.

లెక్క తెలిసి ఉండటం కూడా అవసరం. కంపెనీ చెప్పేది బిట్లలో, ఫైలు ఉండేది బైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. 256 కిలోబిట్ల లైనంటే సెకనుకు 32 కిలోబైట్లు. 2 మెగాబైట్ల ఫైలుకు నిమిషం పైనే పడుతుంది. ఒక గిగాబైటుకు 8 గంటలు దాటుతుంది. ఇక ‘వరకు’ అన్న మాట ఒకటుంది. ‘2 మెగాబిట్ల వరకు’ అంటే 2 వస్తుందని కాదు, 2 దాటి రాదని. పైగా ఎక్స్ఛేంజి నుంచి పైకి వెళ్లే పెద్ద లైనును అందరూ పంచుకోవాలి. ఇళ్ల కనెక్షన్లకు ఈ పంపకం 50 మందికి ఒకటి కంటే మించరాదని ట్రాయ్ 2009లో చెప్పింది. వంతులవారీ నీళ్లు తెలిసిన మనకు ఇది కొత్త కాదు. అందరూ ఒకేసారి తూము ఎత్తితే ఎవరి పొలమూ తడవదు. రాత్రి 8 గంటలకు నెట్ నత్తనడక నడవడానికి కారణం చాలాసార్లు మన ఇంటి తీగ కాదు, ఈ వంతులే.

2020లో ఏం జరిగింది

2020 మార్చిలో హాస్టళ్లు మూసి మనందరినీ ఇళ్లకు పంపేశారు. పాఠాలు నెట్‌లోకి వెళ్లాయి. అదే సమయానికి రాగి తీగల వెనకున్న మనుషులూ తగ్గిపోయారు. స్వచ్ఛంద పదవీ విరమణ కింద 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి దేశం మొత్తం మీద సుమారు 78 వేల మంది ఒకేసారి వెళ్లిపోయారు. కాలువకు లస్కరు ఎలాగో తీగకు లైన్‌మన్ అలాగ. ఏ జాయింటు ఎక్కడ పూడ్చారో, ఏ డీపీలో ఏ జత మంచిదో కాగితాల్లో కంటే ఆయన బుర్రలోనే ఎక్కువ ఉండేది.

మా పేటలో ఫోన్లున్నాయి కానీ ఇంట్లో కూర్చుంటే సిగ్నల్ ఉండేది కాదు. నలుగురం కాలువ గట్టెక్కి, ఒకే ఫోను చుట్టూ కూర్చుని పాఠం వినేవాళ్లం. వాన వస్తే ఆ రోజుకు పాఠం లేదు. నెల మధ్యలో డేటా అయిపోతే మళ్లీ కూలి డబ్బులు వచ్చేదాకా లేదు. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. ఆ ఏడాది చదువు ఆపేసి పనిలోకి వెళ్లిపోయిన నా ఈడువాళ్లు ఇద్దరు నాకంటే బాగా చదివేవాళ్లు. వాళ్లను ఆపింది నెట్ ఒక్కటే అని చెప్పను. కానీ నెట్ లేకపోవడం కూడా ఒక కారణమని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఫోను చాలదా?

ఇక అసలు వాదనకు వస్తాను. ‘అందరి చేతుల్లో ఫోన్లు’ అన్న మాట హాస్టల్లో ఉన్న తమ్ముళ్ల విషయంలో నిజం కాదు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఫోన్లుండవు, ఉండనివ్వరు కూడా. ఫోన్లున్నది మనకు, పూర్వ విద్యార్థులకు. మనకుంది కాబట్టి వాళ్లకూ ఉన్నట్టే అనుకోవడం సరికాదు.

రెండోది, సెల్ టవరు కూడా పంచుకునేదే. సాయంత్రం వీధిలో అందరూ వీడియోలు పెడితే టవరు వేగం పంచుకుపోతుంది. ఫోను తెర మీద అయిదు పేజీల దరఖాస్తు నింపడం, ప్రాక్టీసు పరీక్ష రాయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. తీగ ఉంటే నాలుగు కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు, ఒకే బిల్లు.

మూడోది, ఇప్పటి తీగ రాగి కాదు, గాజు. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు ప్రయాణిస్తుంది. ఎక్స్ఛేంజి నుంచి 20 కిలోమీటర్ల దూరం కూడా దానికి పెద్ద లెక్క కాదు. ఉప్పుగాలికి చిలుము పట్టదు. ఇళ్లకు ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద కిందికి 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. దాన్నే 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. పైకి పంపే దారి ఇరుకన్న పాత బాధ చాలావరకు తీరింది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయల నుంచి కనెక్షన్ ఇస్తామన్నారు. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని కూడా 2023లో 2 మెగాబిట్లకు పెంచారు.

మరి శివారు పోయిందా? దూరం వల్ల వచ్చే నష్టం పోయింది. శివారు పోలేదు. గాజు తీగ కూడా ముందు వెళ్లేది మెయిన్ రోడ్డుకే. స్తంభాల మీద వేసిన తీగ తుఫానుకు తెగుతుంది. తెగినప్పుడు ముందు బాగుచేసేది ఎక్కువ కనెక్షన్లున్న వీధినే. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమ తీగలన్నీ తెగి, అక్కడ ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదని మన తాతలు చెబుతారు. తీగ ఏదైనా చివరి ఇంటిదాకా వచ్చిందా, తెగితే ఎన్నాళ్లకు బాగుచేస్తున్నారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశామన్న లెక్క మనకు అక్కర్లేదు. కాలువలో ఎన్ని క్యూసెక్కులు వదిలారన్న లెక్కతో శివారు చేను తడవదు కదా.

నా ప్రతిపాదనలు

ఒకటి. రీడింగ్ రూముకు ఫైబర్ కనెక్షన్ హాస్టల్ పేరు మీదే తీసుకోవాలి. ఎవరో ఒకరి పేరు మీద తీసుకుంటే ఆయన బదిలీ అయిన రోజే నెట్ కూడా బదిలీ అవుతుంది. కనెక్షన్ పెట్టించడం ఒక్క రోజు పని, బిల్లు కట్టడం నెలనెలా పని. అందుకని వార్షికోత్సవం నాడు ఒకేసారి చందా వేసి ఫొటో దిగడం కంటే, పన్నెండు మంది తలా ఒక నెల బిల్లు పంచుకుంటే మేలు.

రెండు. గది గోడకు ఒక రిజిస్టరు వేలాడదీయాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 8 గంటలకు దించుకునే వేగం, పైకి పంపే వేగం పిల్లలే కొలిచి రాయాలి. నెల తిరిగేసరికి మన చేతిలో ఆధారం ఉంటుంది. “నెట్ స్లోగా ఉందండి” అంటే ఎవరూ వినరు. “ఫలానా తేదీ నుంచి రాత్రిపూట పైకి వేగం ఇంతకు మించి రాలేదు” అని చూపిస్తే వినక తప్పదు.

మూడు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు తీసుకుని అదే రిజిస్టరులో రాయాలి. 2006లోనే ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు నిబంధనలు పెట్టింది. మరమ్మతుకు గడువు, గడువు దాటితే బిల్లులో తగ్గింపు వాటిలో ఉండేవి. అడిగినవాళ్లకు దక్కింది, అడగనివాళ్లు పూర్తి బిల్లు కట్టారు.

నాలుగు. ఫలితాలు, దరఖాస్తుల రోజుల్లో పదో తరగతి తమ్ముళ్లకే కంప్యూటర్లు కేటాయించాలి. గడువుకు వారం ముందే అందరి దరఖాస్తులూ వెళ్లిపోవాలి. ఆ వారం రోజులూ ఒక సీనియర్ వచ్చి దగ్గరుండాలి. నా వంతు నేను వస్తాను. మోడెమ్‌కు ఒక చిన్న బ్యాటరీ కూడా పెట్టించాలి. పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది, గాజు తీగలో కరెంటు రాదు.

నెట్ పెడితే పిల్లలు చెడిపోతారని వార్డెన్లు, తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు. కంప్యూటర్ తెరలు తలుపు వైపు తిప్పి పెట్టండి, వేళలు రాసి అంటించండి, ఒక పెద్దవాణ్ణి కూర్చోబెట్టండి. గదిలో పదిమంది మధ్య చూసే నెట్ కంటే, రేపు ఇంటర్‌కు వెళ్లాక ఒంటరిగా ఫోన్లో చూసే నెట్టే ఎక్కువ ప్రమాదం. ఇక్కడ పద్ధతి నేర్పి పంపడం మన బాధ్యత.

మన తండ్రులు శివారు పొలాల్లో కూలికి వెళ్లి మనల్ని చదివించారు. నీళ్లు రాకపోతే రైతులు కలిసి లాకుల దగ్గరికి వెళ్లి అడగడం వాళ్లు చూశారు, వాళ్లూ వెళ్లారు. మనం కూడా అంతే గట్టిగా, అంతే మర్యాదగా, చేతిలో రిజిస్టరు పట్టుకుని అడగాలి. వచ్చే సంచికలో ఆ రిజిస్టరులోని అంకెలతో పదో తరగతి తమ్ముడెవరైనా వ్యాసం రాయాలని కోరుకుంటున్నాను.